ఎడమకు వాలిన గీతలు: లియొనార్డో ఊళ్లలో ఆరు రోజులు

మా అమ్మాయిది పుర్రచేతి వాటం. అన్నం మాత్రం కుడిచేత్తోనే తినాలని మా అమ్మ పట్టుబట్టి అలవాటు చేసింది గానీ, పెన్సిల్ దగ్గర ఎవరి మాటా చెల్లలేదు. ఇప్పుడు దానికి పదకొండేళ్లు. నేను బాలానగర్‌లో ఒక మెషీన్ షాపులో ఇరవై రెండేళ్లుగా డ్రాయింగులు గీస్తున్నాను. అందుకే మా ఇంట్లో లియొనార్డో డావిన్సీ పేరు చాలాసార్లు వస్తుంది. ఎడమచేత్తో, అద్దంలో చూస్తే తప్ప చదవలేనట్టు తిరగేసి రాసిన మనిషి. యంత్రాల బొమ్మలతో వేల పేజీలు నింపిన మనిషి. మూడేళ్లు డబ్బు కూడబెట్టి, మొన్న మే నెలలో ఆయన పుట్టిన చోటి నుంచి కన్నుమూసిన చోటి దాకా వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, అమ్మాయి.

మొదటి రోజు, శనివారం: ఫ్లోరెన్స్

ఉఫీత్సీ మ్యూజియంలో లియొనార్డో బొమ్మలు మూడూ ఒకే గదిలో ఉన్నాయి. మొదటిది 'క్రీస్తు బాప్తిస్మం'. అది నిజానికి గురువు వెరోక్యో వేసిన బొమ్మ. అందులో ఎడమ పక్కన మోకాళ్ల మీద కూర్చున్న దేవదూతను శిష్యుడు లియొనార్డో వేశాడు. ఆ కుర్రాడి పనితనం చూసి గురువు ఇక రంగుల జోలికే పోలేదని చెప్పుకునే కథ ఒకటుంది. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ జుట్టు ముందు నిలబడితే తేడా మనకే తెలుస్తుంది. పక్క దేవదూత జుట్టు చెక్కినట్టుంది, ఇతనిది గాలికి కదిలేట్టుంది.

నన్ను కట్టిపడేసింది మాత్రం మూడోది, 'జ్ఞానుల ఆరాధన'. 1481లో ఒక మఠం వాళ్లు చేయమన్న పని. పూర్తి కాకముందే ఆయన మిలాన్ వెళ్లిపోయాడు. దాదాపు రెండున్నర మీటర్ల చదరపు చెక్క మీద అంతా గోధుమరంగు గీతలే. కొందరికి ముఖాలున్నాయి, కొందరికి ఇంకా రాలేదు. వెనక కూలిన మెట్లు, వాటి మీద మనుషులు, లేస్తున్న గుర్రాలు. 2017లో శుభ్రం చేయడం పూర్తయ్యాక లోపలి గీతలు మళ్లీ స్పష్టంగా బయటపడ్డాయి. భోజనాల వేళ మా షాపులోకి వెళితే లేత్ మెషీన్ల మీద చేస్తున్న ముక్కలు సగం సగం బిగించి ఉంటాయి, ఏ పని ఎక్కడ దాకా వచ్చిందో చూడగానే తెలిసిపోతుంది. ఈ బొమ్మ ముందు అదే అనిపించింది. పూర్తయిన పనిలో పనివాడి ఆలోచన కనపడదు, ఇక్కడ కనపడుతోంది. అరగంట కదల్లేదు నేను. మా ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం కెథడ్రల్ గుమ్మటం కింద నిలబడి పైన ఉన్న రాగి గోళాన్ని అమ్మాయికి చూపించాను. 1471లో దాన్ని అక్కడ నిలబెట్టింది వెరోక్యో మనుషులే. అప్పటికి లియొనార్డోకు పంతొమ్మిదేళ్లు. ముసలితనంలో కూడా, ఆ గోళాన్ని ఎలా అతికారో గుర్తు పెట్టుకోవాలని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఒక అతుకు పని జీవితమంతా మనసులో ఉండిపోయిన మనిషి. అది నాకు చాలా నచ్చింది.

రెండో రోజు, ఆదివారం: విన్చీ

మనం డావిన్సీ అని ఇంటిపేరులా పిలుస్తాం గానీ, ఆ మాటకు అర్థం 'విన్చీ ఊరివాడు' అనే. మన ఇంటిపేర్లు ఎన్ని ఊళ్ల పేర్ల నుంచి రాలేదు!

ఫ్లోరెన్స్ నుంచి ఎంపోలి దాకా అరగంట రైలు, అక్కడి నుంచి బస్సు. ఆదివారం బస్సులు తక్కువని తెలుసు గానీ అంత తక్కువని అనుకోలేదు. ఒకటి మా కళ్లముందే వెళ్లిపోయింది. రెండోదానికి గంటకు పైగా ఎండలో కూర్చున్నాం. వెళ్లేవాళ్లు టైమింగ్స్ ముందే చూసుకోండి.

ఊరు చిన్నది. గుట్ట మీద కోట, కోట బురుజు, చుట్టూ ఆలివ్ తోటలు, ద్రాక్ష తోటలు. ఆ కోటలోనే లియొనార్డో మ్యూజియం. 1953లో ఐబీఎం కంపెనీ ఇచ్చిన నమూనాలతో మొదలైంది. ఇప్పుడు ఊళ్లో మరో భవనం కూడా అందులో భాగమే. ఫ్లోరెన్స్ గుమ్మటం కట్టడానికి బ్రునెలెస్కీ వాడిన క్రేన్ల నమూనాలు కూడా ఉన్నాయి. కుర్ర వయసులో లియొనార్డో వాటిని చూసి బొమ్మలు గీసుకున్నాడు. ఆయన యంత్రాల చదువు అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది.

ఇక్కడ ఒక నమూనా గురించి వివరంగా చెప్పాలి. బరువులెత్తే యంత్రం అది. ఒక పొడవాటి మీట, దాన్ని మనిషి ముందుకూ వెనక్కూ ఊపుతాడు. మీట కడ్డీ మీద ఎదురెదురుగా రెండు పెద్ద చక్రాలు. ఒక్కో చక్రం లోపల రాచెట్, పాల్, అంటే ఒకవైపే తిరగనిచ్చే పళ్లూ, ఆ పళ్లలో పడి ఆపే కొక్కెమూ. మీట ముందుకు వెళ్తే ఒక చక్రం పట్టుకుంటుంది, రెండోది జారిపోతుంది. వెనక్కి వస్తే రెండోది పట్టుకుంటుంది, మొదటిది జారుతుంది. ఆ రెండు చక్రాల పళ్లూ మధ్యలో ఉన్న ఒక చిన్న చక్రాన్ని చెరోవైపు నుంచి తిప్పుతాయి. బోనుకు కడ్డీలు బిగించినట్టుంటుంది ఆ చిన్న చక్రం. అందువల్ల మీట ఎటు ఊగినా ఇరుసు మాత్రం ఒకేవైపు తిరుగుతుంది, తాడు చుట్టుకుంటూ పోతుంది, బరువు ఆగకుండా పైకి లేస్తుంది.

యంత్రం కంటే పక్కనున్న బొమ్మ నన్ను ఎక్కువ పట్టేసింది. కాగితానికి ఎడమవైపు యంత్రం మొత్తం బిగించి ఉంది. కుడివైపు అవే భాగాలు ఒకదానికొకటి ఎడంగా, అదే వరుసలో విడదీసి ఉన్నాయి. మా షాపులో దాన్ని ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ అంటాం. కొత్తగా చేరిన ఫిట్టర్‌కి నేనిచ్చే మొదటి కాగితం అదే. ఐదు వందల ఏళ్లకు పైగా కిందట ఒకాయన దీపం వెలుగులో అదే పని చేశాడు. నాకు కళ్లు చెమర్చాయి.

అంతలో అమ్మాయి గాజుకు ముక్కు ఆనించి, "నాన్నా, నీ గీతలకీ ఈయన గీతలకీ తేడా ఉంది" అంది.

నీడ చూపించడానికి గీసే సన్న గీతల సంగతి అది చెబుతున్నది. మేం హ్యాచింగ్ అంటాం. నా గీతలు కింద ఎడమ నుంచి పైకి కుడివైపు వెళ్తాయి, కుడికి వాలతాయి. ఈయనవి ఎడమకు వాలాయి, మా అమ్మాయివి వాలినట్టే. చెయ్యి ఎటు సులువుగా ఊగితే గీత అటే వాలుతుంది. ఏది లియొనార్డో బొమ్మో, ఏది కాదో పోల్చడానికి నిపుణులు చూసే గుర్తుల్లో ఇదీ ఒకటని నేను చదివాను. పదకొండేళ్ల పిల్ల చదవకుండానే పట్టేసింది.

ఈ మ్యూజియాలకు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. చెక్క యంత్రాలన్నీ తర్వాతి కాలం వాళ్లు కాగితం చదివి చేసినవి. ఒక్కటి కూడా ఆయన చేత్తో చేసింది కాదు. చదవడంలో పొరపాట్లూ జరిగాయి. తనంతట తాను నడిచే బండినే తీసుకోండి. బొమ్మలో పైకి కనపడే విల్లు లాంటి స్ప్రింగులే దాన్ని నడుపుతాయని చాలాకాలం అనుకున్నారు, అలా చేసిన నమూనాలు కదల్లేదు. అసలు శక్తి కింద డ్రమ్ముల్లో చుట్టి ఉన్న స్ప్రింగులదని తర్వాత గుర్తించి, 2004లో ఫ్లోరెన్స్ సైన్స్ మ్యూజియం వాళ్లు చేయించిన బండి నిజంగానే నడిచింది. కాబట్టి చక్రం ఒకసారి తిప్పి వెళ్లిపోకుండా, పక్కన పెట్టిన కాగితం నకలు దగ్గర ఎక్కువసేపు నిలబడండి.

మధ్యాహ్నం ఆలివ్ తోటల మధ్య కాలిబాటన మూడు కిలోమీటర్లు నడిచి అంక్యానో వెళ్లాం. ఆయన పుట్టాడని చెప్పుకునే రాతి ఇల్లు అక్కడుంది. మూడు గదులు, పెద్ద పొయ్యి, అంతే. తండ్రి సెర్ పియెరో నోటరీ. తల్లి కాటెరీనాను ఆయన పెళ్లి చేసుకోలేదు. ఆమె ఎవరన్న దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ బిడ్డ పుట్టుకను కాగితం మీద పెట్టింది తాతయ్య ఆంటోనియో. 1452 ఏప్రిల్ 15, శనివారం, రాత్రి మూడో గంటకు నాకు మనవడు పుట్టాడు, పేరు లియొనార్డో అని రాసుకున్నాడు. గంటలు సూర్యాస్తమయం నుంచి లెక్కపెట్టేవాళ్లు కాబట్టి మన లెక్కలో రాత్రి పది దాటి ఉంటుంది. మా తాతయ్య కూడా మేం పుట్టిన ఘడియలు పంచాంగం వెనక అట్ట లోపల ఇలాగే రాసి పెట్టేవాడు. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ అని దాచలేదు ఆ పెద్దాయన. బాప్తిస్మానికి వచ్చిన పదిమంది పేర్లు కూడా రాశాడు.

ఇంటి బయట గట్టు మీద కూర్చుని ఫోన్‌లో ఒక బొమ్మ తీసి చూపించాను. 1473 ఆగస్టు 5 అని తేదీ వేసి ఆయన గీసిన కొండలు, లోయ. తేదీ ఉన్న ఆయన బొమ్మల్లో ఇదే మొదటిది. అమ్మాయి అటు చూసి, ఇటు చూసి, తన నోట్‌బుక్ తీసింది. తిరుగు బస్సు టెన్షన్ ఉన్నా, దాని గీతలు అయ్యేదాకా లేవలేదు మేం.

మూడో రోజు, సోమవారం: మిలాన్

పొద్దున ఫాస్ట్ రైలు, రెండు గంటల్లో మిలాన్. సోమవారం చాలా మ్యూజియాలు మూసి ఉంటాయి. అంబ్రోసియానా అనే పాత లైబ్రరీ, మ్యూజియం తెరిచి ఉందని ముందే చూసుకున్నాం. ఇక్కడ ఉన్నవి నకళ్లు కావు. 'కోడెక్స్ అట్లాంటికస్' అనే, ఆయన 1119 కాగితాల సంపుటి ఇక్కడిదే. నిన్న చూసిన బరువులెత్తే యంత్రం అసలు బొమ్మ కూడా అందులోదే. కాగితాలకు వెలుతురు పడదు కాబట్టి ఒక్కోసారి కొన్నింటినే బయట పెడతారు. మేం వెళ్లినప్పుడు ఆ యంత్రం కాగితం లేదు. ఉన్న వాటి ముందు చీకట్లో గుసగుసగా మాట్లాడుకుంటూ నిలబడ్డాం. సిరా గోధుమరంగుకు తిరిగింది. ఒక మూల పళ్లచక్రం, దాని పక్కన ఏదో కూడిక, కింద తిరగేసిన అక్షరాలు. గీతలన్నీ ఎడమకే వాలి ఉన్నాయి.

ఈ కాగితాల కథ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆయన పోయాక నోట్‌బుక్‌లన్నీ శిష్యుడు ఫ్రాంచెస్కో మెల్జీకి దక్కాయి. ఆ శిష్యుడు బతికినంతకాలం వాటిని ప్రాణంగా చూసుకున్నాడు. ఆయన తర్వాత ఇంట్లోవాళ్లు అటక మీద పడేశారు. అడిగినవాళ్లకు ఇచ్చేశారు. పొంపెయో లియోనీ అనే శిల్పి చేజిక్కించుకున్నవి కత్తిరించి, వేరు చేసి, పెద్ద పెద్ద పుటలకు అంటించి ఈ సంపుటి చేశాడు. 1637లో ఇది అంబ్రోసియానాకు చేరింది. 1796లో నెపోలియన్ మనుషులు పారిస్ పట్టుకుపోతే 1815లో తిరిగొచ్చింది. ఒక మనిషి ఆలోచన క్రమం తెంచేసి, యంత్రాలు ఒకవైపు, దేహాల బొమ్మలు ఇంకొకవైపు చేశారు. చక్రం గీసిన కాగితం మీదే గుండె గీసే మనిషి ఆయన. ఆ అతుకు పోయింది. అది మళ్లీ రాదు.

సాయంత్రం కాలువల వైపు నడిచాం. శాన్ మార్కో వీధి దగ్గర, పడవలను ఎగువకూ దిగువకూ దాటించే పాత లాకు ఒకటి, ఇప్పుడు నీళ్లు లేకుండా, కొయ్య తలుపులతో అలాగే నిలిచి ఉంది. మా ఆవిడది ధవళేశ్వరం దగ్గర ఊరు. చూడగానే, "ఇవి మా లాకులే కదండీ" అంది. ఆ మాట నిజమే. రెండు తలుపులు ఒకదానికొకటి ఏటవాలుగా కలుస్తాయి, మొన నీళ్లు వచ్చే వైపు ఉంటుంది. నీళ్లు ఎంత నెడితే తలుపులు అంత గట్టిగా బిగుసుకుంటాయి. ఈ రకం తలుపుల బొమ్మ కోడెక్స్ అట్లాంటికస్‌లో ఉంది. చిన్నప్పుడు లాకుల మీద కూర్చుని పడవలు దిగడం చూసేదాన్నని ఆవిడ అమ్మాయికి చెబుతుంటే నేను వెనక నడిచాను. ఆ రోజు నుంచి ఈ ప్రయాణం ఆవిడది కూడా అయింది.

నాలుగో రోజు, మంగళవారం: పావుగంట

మిలాన్‌లోనే ఆయన వేసిన గోడబొమ్మ 'ఆఖరి విందు' చూడాలంటే నెలల ముందే టికెట్లు తీసుకోవాలి. మేం ఒక ఏజెంటు ద్వారా మూడు టికెట్లకు డబ్బు కట్టాం. గుమ్మం దగ్గరకు వెళ్లాక తెలిసింది, ఆయన పంపిన కాగితంలో ఇద్దరి పేర్లే ఉన్నాయని. బతిమాలాం, ఖాళీ లేదన్నారు. "మీరిద్దరూ వెళ్లండి, మీరు ఎన్నాళ్లుగానో ఎదురు చూస్తున్నది దీనికే" అని మా ఆవిడ నన్ను లోపలికి తోసింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఎవరికైనా చెప్పేది ఇదే, కాగితం చేతికి రాగానే పేర్లు లెక్కపెట్టుకోండి.

దుమ్ము లోపలికి రాకుండా ఒక తలుపు మూసుకున్నాకే ఇంకోటి తెరుస్తారు. పదిహేను నిమిషాలు ఉండనిస్తారు. గోడ మీద దాదాపు తొమ్మిది మీటర్ల వెడల్పు. మఠంలో సన్యాసులు భోజనం చేసే గది అది. తడి సున్నం మీద వేస్తే త్వరగా ముగించాలి. ఆయనకు నిదానంగా, మళ్లీ మళ్లీ దిద్దుకుంటూ వేయడం ఇష్టం. అందుకని పొడి గోడ మీద వేశాడు, 1498 నాటికి పూర్తిచేశాడు. ఇరవై ఏళ్లు తిరక్కముందే పెచ్చులు లేచాయి. 1652లో అదే గోడకు గుమ్మం తొలిచారు, క్రీస్తు పాదాలు పోయాయి. 1943 ఆగస్టులో బాంబు పడి గది కప్పు, పక్క గోడ కూలాయి. ఇసుక బస్తాలు పేర్చిన ఈ గోడ నిలిచింది. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా అంగుళం అంగుళం శుభ్రం చేసి 1999లో మళ్లీ చూపించారు.

ఇంత జరిగాక మిగిలింది చూస్తున్నామని తెలిసి చూడాలి. క్రీస్తు కణత దగ్గర ఒక మేకు గుచ్చిన గుర్తు ఉంది. అక్కడి నుంచి దారాలు లాగి గదిలోని గీతలన్నీ కొలిచాడు. కప్పు దూలాలు, గోడల అంచులు, అన్నీ ఆ చిన్న బొక్క దగ్గరికే పరుగెడతాయి. వేలితో గాల్లో గీత గీసి అమ్మాయికి చూపించాను. అది కూడా ఎడమ చేత్తో గాల్లో గీసింది. గంట మోగింది.

బయటికొస్తే మా ఆవిడ చర్చిలో కూర్చుని ఉంది. పక్కన కూర్చుని ముగ్గురం కాసేపు మాట్లాడుకోలేదు.

అక్కడికి నడక దూరంలోనే జాతీయ సైన్స్, టెక్నాలజీ మ్యూజియం. పాత మఠంలో 1953లో తెరిచారు, 2019లో లియొనార్డో గదులను కొత్తగా తీర్చిదిద్దారు. రెక్కల యంత్రాల దగ్గర అమ్మాయి, మగ్గం యంత్రాల దగ్గర మా ఆవిడ. యుద్ధ యంత్రాలను నేను త్వరగా దాటేశాను, నాకు వాటి మీద మనసు పోదు. బాల్ బేరింగుల బొమ్మ గురించి మాత్రం అక్కడ చాలాసేపు చెప్పాను ఇద్దరికీ. బేరింగులోని గుండ్లు ఒకదానికొకటి తగిలితే రాపిడి పెరుగుతుందని గ్రహించి, వాటిని విడివిడిగా పట్టి ఉంచే ఏర్పాటు గీశాడు. ఆ బొమ్మ ఉన్న నోట్‌బుక్ మాడ్రిడ్ లైబ్రరీలోనే ఎవరి కంటా పడకుండా ఉండి, 1960ల్లో గానీ బయటపడలేదు. నేను రోజూ చేత్తో పట్టుకునే వస్తువు అది.

ఐదో రోజు, బుధవారం: పారిస్

విమానం, హోటల్, లూవ్‌ర్. బుధవారం రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచి ఉంటుంది. మోనాలిసా 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు. జనం తలల మీదుగా రెండు నిమిషాలు చూశాం. బయటి పెద్ద వసారాలో ఆయనదే 'కన్య, శిశువు, సెయింట్ ఆన్' ముందు ఎవరూ తోసుకోవడం లేదు. అదీ పూర్తికాని బొమ్మే. చచ్చేదాకా దగ్గర పెట్టుకున్న బొమ్మల్లో ఒకటి. అక్కడ తీరిగ్గా నిలబడ్డాం.

ఆరో రోజు, గురువారం: అంబ్వాజ్

పారిస్ నుంచి రెండు గంటల రైలు. లువార్ నది దాటి ఊళ్లోకి నడవాలి. 1516లో ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాంస్వా పిలుపు మీద, అరవై నాలుగేళ్ల వయసులో, బొమ్మలూ నోట్‌బుక్‌లూ వెంటపెట్టుకుని ఇక్కడికి వచ్చాడాయన. ఉన్న ఇల్లు క్లో లూసే. ఎర్ర ఇటుక, తెల్ల రాయి. పై అంతస్తులో పడకగది, కింద వంటిల్లు, బయట తోట, తోటలో పెద్ద పెద్ద యంత్ర నమూనాలు.

మరుసటి ఏడు అక్టోబర్‌లో ఒక కార్డినల్, అంటే చర్చి పెద్ద, చూడవచ్చాడు. ఆయన కార్యదర్శి డైరీలో రాశాడు, కుడిచేతికి పక్షవాతం వచ్చిందని, ఇక గొప్ప పనులు ఆశించలేమని. నేను చదివి వినిపిస్తుంటే అమ్మాయి వెంటనే, "కానీ ఈయన రాసేది ఎడమచేత్తో కదా" అంది. ఆ తర్వాత కూడా గీశాడు, లెక్కలు చేశాడు.

వంటింట్లో రాగి గిన్నెలు, పెద్ద పొయ్యి. ఇక్కడ వంటచేసిన మతురీన్‌కి వీలునామాలో బొచ్చు కుట్టిన నల్ల ఉన్ని కోటు, రెండు బంగారు నాణేలు రాశాడు. చివరి ఏళ్ల నాటిదని చెప్పే ఒక రేఖాగణితం కాగితం ఉంది, ఇప్పుడది లండన్‌లో ఉంది. త్రిభుజాల లెక్క నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోతుంది. ఎందుకంటే సూప్ చల్లారిపోతోంది, అని రాసి వదిలేశాడు. ఆ సంగతి నేను చెబితే మా ఆవిడ పొయ్యి వైపు చూసి, "పిలిచీ పిలిచీ విసిగి ఉంటుంది ఆవిడ" అంది. అమ్మాయి నవ్వింది. దాన్ని కూడా రోజూ అలాగే పిలవాలి.

1519 మే 2న ఇక్కడే పోయాడు, అరవై ఏడేళ్లకు. రాజు చేతుల్లో ప్రాణం విడిచినట్టు వేసిన బొమ్మలున్నాయి గానీ, రాజు అప్పుడు ఈ ఊళ్లోనే లేడని చరిత్రకారులు చెబుతారు. శవం వెంట అరవై మంది పేదవాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని నడవాలని, వాళ్లకు డబ్బు ఇవ్వాలని వీలునామాలో ఉంది. పూడ్చిన చర్చిని తర్వాత కూల్చేశారు. 1863లో తవ్వితే దొరికిన ఎముకలు ఆయనవే అయి ఉంటాయని, రాజకోటలోని చిన్న ప్రార్థనాలయంలో పలక కింద ఉంచారు. పలక మీద ఎవరో గులాబీ పెట్టి వెళ్లారు. మా ఆవిడ చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చింది, ఎవరూ అడగకపోయినా.

రైలుకు గంటన్నర ఉంది. వంతెన మీద ఆగాం. లువార్ నీళ్లు స్తంభాలకు తగిలి రెండుగా చీలి, వెనక సుడులు తిరుగుతున్నాయి. ఆయన ఈ సుడుల్నే ఎన్నో పేజీల్లో గీశాడు, జడలు అల్లినట్టు. అమ్మాయి నోట్‌బుక్ తీసి రెయిలింగ్ మీద పెట్టింది. ఒక సుడి గీసి, దాని కింద తన పేరు తెలుగులో తిరగేసి రాయడానికి కూర్చుంది. తలకట్లన్నీ అటు తిప్పింది, కొమ్ములు మాత్రం కుదరడం లేదు. నేను ఫోన్ ముందు కెమెరా తెరిచి అద్దంలా పట్టుకున్నాను. కొమ్ము తప్పని చూసి, చెరిపి, మళ్లీ రాసింది.

"లేట్ అవుతోందమ్మా" అంది మా ఆవిడ.

"ఇంకొక్క నిమిషం" అంది అది, తల ఎత్తకుండానే.